ఏరా, నిజంగా ఎలా ఉన్నావ్?

పదో తరగతి బ్యాచ్ వాట్సాప్ గ్రూపులు కరోనాకి ముందూ ఉన్నాయి. పొద్దున్నే పువ్వుల బొమ్మతో శుభోదయం, పండక్కో బొమ్మ, ఎన్నికలొస్తే తిట్లు, తిట్లకి అలిగి ఒకరిద్దరు వెళ్లిపోవడం, అడ్మిన్ బతిమాలి మళ్లీ చేర్చడం. వాటిలో జరిగేది అంతే. నలభై అయిదేళ్ల కిందట ఒకే బెంచీ మీద కూర్చున్నవాళ్లకి ఒకరి గురించి ఒకరికి తెలిసింది ఎవరి కొడుకు అమెరికాలో ఉన్నాడు, ఎవరు ఏ ఉద్యోగంలో రిటైరయ్యారు అన్నవరకే. ఎవరి గుండెలో స్టెంటు ఉందో, ఎవరు వారానికి రెండుసార్లు డయాలసిస్‌కి వెళ్తున్నారో ఎవరికీ తెలియదు. అడిగినవాళ్లు లేరు, చెప్పినవాళ్లూ లేరు.

2020 మార్చి 25న దేశం తలుపులు మూసుకుంది. నూజివీడు, ఆగిరిపల్లి, విస్సన్నపేట, చాట్రాయి వైపు అది మామిడికాయ ముదిరే కాలం. ఏటా ఆ రోజుల్లో ఇళ్లల్లో మగవాళ్లు కనపడరు. తోటని పూత మీదే వ్యాపారికి అమ్మేసుకున్నవాళ్లు సైతం ఏదో పనున్నట్టు పొద్దున్నే వెళ్లి చెట్టుకింద మంచం వేసుకుంటారు. ఆ ఏడు కూలీలు దొరకలేదు, లారీలు కష్టమయ్యాయి, బయటి రాష్ట్రాల వ్యాపారులు రాలేదు. తోటకి పోతే ‘ఈ వయసులో బయట తిరుగుతావా’ అని పిల్లలు ఫోన్లో అరిచారు. అలా ఇంట్లో పడ్డ అరవయ్యేళ్ల మనిషి, మనవడి ఆన్‌లైన్ క్లాసుల కోసం కొన్న ఫోను సాయంత్రాలు తన చేతిలోకి తీసుకున్నాడు. చాలా గ్రూపులు అప్పుడు నిజంగా మొదలయ్యాయి.

అయితే మొదలవడం వేరు, అక్కరకి రావడం వేరు. అదే ఊరు, అదే వయసు, అవే జబ్బులున్న రెండు గ్రూపుల్లో ఒకటి 2021 మే నెలలో మనుషుల్ని ఆస్పత్రికి చేర్చింది, రెండోది రోజంతా కషాయాల వీడియోలు తిప్పింది. నేను చూసినంతలో తేడా స్నేహం లోతులో లేదు. మొదటి గ్రూపులో జబ్బుని జబ్బులాగే చెప్పుకునే అలవాటు ముందే పడింది. ఆ అలవాటు ఎలా పడుతుందో చెప్పడమే ఈ అధ్యాయం పని.

ముందు ఫోను చెయ్యండి

తెగిపోయిన స్నేహాన్ని కలుపుకోవాలని అందరికీ ఉంటుంది, వేలు మాత్రం కదలదు. లారా ఆక్నిన్, జిలియన్ శాండ్‌స్ట్రమ్ అనే ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు 2024లో దీని మీద ఒక అధ్యయనం ప్రచురించారు. పాత మిత్రుడితో మాట్లాడాలని ఉంది, నంబరుంది, అతను సంతోషిస్తాడన్న నమ్మకం ఉంది. అలాంటివాళ్లని కూర్చోబెట్టి సందేశం రాయించి, పంపడానికి సమయం కూడా ఇచ్చారు. మూడోవంతు మంది కూడా పంపలేదు. ఇన్నేళ్ల తర్వాత చేస్తే ఏమనుకుంటాడో, అవసరమొచ్చి చేశాననుకుంటాడేమో అన్న బెరుకు బయటి దేశాలవాళ్లకీ ఉందన్నమాట.

బెరుకు తగ్గే దారి ఒకటుంది. టైపు చెయ్యకండి, మాట్లాడండి. అమిత్ కుమార్, నికొలస్ ఎప్లీ 2021లో ప్రచురించిన పరిశోధనలో పాతవాళ్లతో గొంతు కలిపినవాళ్లకి, రాసి పంపినవాళ్లకన్నా దగ్గరితనం ఎక్కువ కలిగింది. ఇబ్బందిగా ఉంటుందని ముందు భయపడినంత ఇబ్బందీ కలగలేదు. పరిశోధన లేకపోయినా మనకిది తెలుసు. ‘ఏరా, నేను’ అన్న రెండు మాటల్లో ఉన్నది దండం పెట్టే బొమ్మలో ఉండదు. మొదటి అరనిమిషం మీరు, గారు అని తడబడతారు. తడబడనివ్వండి. లెక్కల మాస్టారు ఎవర్ని గోడకుర్చీ వేయించారో గుర్తు చేస్తే గార్లు వాటంతటవే రాలిపోతాయి.

మగవాళ్లని వెతకడం తేలిక. ఊరు మారినా ఇంటిపేరు మారదు. ఆడపిల్లల సంగతి అలా కాదు. పెళ్లితో ఇంటిపేరు మారింది, ఊరు మారింది, ఫోను చాలామందికి ఈమధ్య దాకా భర్త జేబులో ఉంది. మా బ్యాచ్‌లో ఆడవాళ్లందర్నీ పట్టుకోవడానికి లాక్‌డౌన్ నెలలన్నీ పట్టింది. దొరికిన దారి పుట్టిల్లు. ఆమె అన్నయ్యనో, అన్నయ్య పోతే వదిననో అడగాలి. వదినలకి ఆడపడుచుల నంబర్లు కంఠతా వచ్చు. అడిగేది కూడా బ్యాచ్‌లో ఇంకో ఆడమనిషి అయితే మంచిది. అరవై రెండేళ్ల ఆమెకి కొత్త నంబరు నుంచి మగగొంతు ‘నేనే, గుర్తున్నానా’ అంటే ఆ ఇంట్లో పెద్ద కథే నడుస్తుంది.

ప్రెజెంట్ సార్

శుభోదయం బొమ్మల్ని వెటకారం చెయ్యడం మన చదువుకున్నవాళ్లకి సరదా. నేనూ చేసేవాణ్ణి. 2020లో వాటికో ఉపయోగం కనపడింది. ఒంటరిగా ఉండే మనిషి పంపే శుభోదయం అంటే ‘రాత్రి గడిచింది, లేచాను’ అని అర్థం. ఆ బొమ్మ రాకపోతేనే వార్త.

మా బ్యాచ్‌లో హెడ్మాస్టరుగా రిటైరైన ఒకాయన దాన్ని హాజరు పట్టీ చేశాడు. పదో తరగతి రోల్ నంబర్లు ఎవరికి గుర్తున్నాయో వాళ్లవి ఉంచి, మిగతావి ఆయనే పంచాడు. రోజూ ఉదయం ఎనిమిది లోపల ఎవరి నంబరు వాళ్లు కొట్టి ‘ప్రెజెంట్ సార్’ అనాలి. బొమ్మలు పెట్టుకోవాలంటే ఆ తర్వాత. తొమ్మిదింటికి పలకని నంబరుకి దాని జత ఫోను చేస్తుంది. జత అంటే ముందే రాసిపెట్టుకున్న ఇద్దరు: ఒకరు ఊళ్లో ఉన్నవాళ్లు, ఒకరు దూరంలో ఉన్నవాళ్లు. ప్రాణస్నేహితుల్ని జత కట్టకూడదన్నది ఆయన పెట్టిన నియమం. వాళ్లు ఎలాగూ మాట్లాడుకుంటారు, మాట్లాడుకోనివాళ్లకి జత కావాలి అన్నాడు. జత ఫోనులో నాలుగు ఉండాలి: ఇంట్లో ఇంకొకరి నంబరు, గోడ పక్కింటివాళ్ల నంబరు, రోజూ వాడే మాత్రల అట్టల ఫొటో, ఎప్పుడూ చూపించుకునే డాక్టరు పేరు. ఆధార్ కార్డులూ బ్యాంకు పుస్తకాలూ పంపుకోకూడదు, గ్రూపులో అయితే అసలే పెట్టకూడదు.

మొదట్లో అందరూ నవ్వారు. ముసునూరు వైపు ఒంటరిగా ఉండే మిత్రుడొకడు ఒకనాడు పలకలేదు. ముందురోజు రాత్రి తోటనుంచి ఆలస్యంగా వచ్చి, అన్నం తినబుద్ధికాక మజ్జిగ తాగి, షుగరు మాత్ర మాత్రం అలవాటు ప్రకారం వేసుకుని పడుకున్నాడు. అది గ్లిమిపిరైడ్ ఉన్న మాత్ర. తిండి లేకుండా వేసుకుంటే చక్కెర బాగా పడిపోతుంది. తొమ్మిదింటికి హైదరాబాదు జత ఫోను చేస్తే ఎత్తలేదు. పక్కింటావిడకి చేస్తే ఆవిడ కిటికీలోంచి చూసింది. మంచం మీద చెమటతో తడిసిపోయి, పిలిస్తే ఏదో పొంతన లేకుండా గొణుగుతున్నాడు. ఆవిడ తలుపు నెట్టించి, లేపి కూర్చోబెట్టి, మింగగలుగుతున్నాడని చూసుకుని మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించింది. పావుగంటకి మనిషి తేరుకుని ‘నువ్వెందుకొచ్చావమ్మా’ అన్నాడు. షుగరు మాత్రలు వేసుకునే ప్రతి ఇంట్లో తెలియాల్సిన సంగతి ఇది: స్పృహలో ఉండి మింగగలిగితే పంచదార నీళ్లు ఇచ్చి, పావుగంట తర్వాత మళ్లీ చక్కెర చూడాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పొయ్యకూడదు, 108కి చెయ్యాలి. ఆ రోజు తర్వాత హాజరు చూసి ఎవరూ నవ్వలేదు.

అమెరికాలో ఉన్న బ్యాచ్‌మేట్లకి పనేమీ ఉండదనుకున్నాం. రాత్రి కాపలా వాళ్లదయింది. ఆస్పత్రి వరండాలో భార్య కోసం కాచుకుని రెండింటికి నిద్రపట్టనివాడికి, డాలస్‌లో అప్పుడు మధ్యాహ్నం మూడున్నర. విసుక్కోకుండా మాట్లాడగల మనిషి ఆ వేళకి అక్కడే దొరుకుతాడు.

‘కొద్దిగా నలతగా ఉంది’ అనకండి

మనవాళ్లు జబ్బు చెప్పే తీరు విచిత్రం. పెళ్లి భోజనంలో వంకాయ కూర ఎలా ఉందో అరగంట చెబుతారు. గుండెలో నొప్పి గురించి ‘కొద్దిగా పట్టేసినట్టుంది, గ్యాసేమో’ అంటారు. పిల్లలకి చెబితే కంగారుపడి టికెట్టు కొంటారని, ఇంట్లో చెబితే తోటకి పోనివ్వరని, ఊళ్లో చెబితే వెలేస్తారని. ఈ మూడోది 2020లో ఉత్త భయం కాదు. పాజిటివ్ అంటే ఇంటి ముందు బ్లీచింగ్ చల్లి కర్రలు కట్టిన రోజులవి. పాలవాడు కూడా రాలేదు. అందుకే గ్రూపుకి ఒక కట్టడి తప్పనిసరి. ఇక్కడ చెప్పిన జబ్బు, చెప్పినవాళ్లు సరేనంటే తప్ప, ఇంకో గ్రూపులోకి పోకూడదు, సొంత భార్యకో భర్తకో కూడా చేరకూడదు. ఒక్కసారి పోయిందంటే ఇక ఎవరూ నోరు విప్పరు.

చెప్పేటప్పుడు ఎలా చెప్పాలో ఒక నమూనా ఇస్తాను. 2021 ఏప్రిల్లో ఇలాంటివి వచ్చిన గ్రూపులే పనిచేశాయి:

‘జ్వరం నాలుగో రోజు. పొద్దున 100.2. కూర్చుంటే ఆక్సిజన్ 95, గదిలో ఆరు నిమిషాలు నడిచాక 91. ఆయాసం తెలియడం లేదు. షుగరు పదేళ్లుగా ఉంది, ఇవాళ పరగడుపున 210. మాత్రల ఫొటో జతకి పంపాను. డాక్టరుకి ఇంకా చెప్పలేదు. ఇంట్లో నేనూ మా ఆవిడే. విజయవాడ పోవడానికి బండి, తోడు ఒక మనిషి కావాలి.’

ఇందులో ఏడుపు లేదు, దాపరికం లేదు. ఎన్నో రోజు, అంకెలు, పాత జబ్బు, డాక్టరు సంగతి, ఏం కావాలి. చదివినవాడికి చెయ్యాల్సిన పని కనపడుతుంది. ఆ నడక పరీక్ష ఎందుకంటే, కొవిడ్‌లో ఆయాసం తెలియకుండానే ఆక్సిజన్ పడిపోతుంది. కూర్చున్నప్పుడు బాగున్న అంకె నడిస్తే దిగజారుతుంది. అప్పటి మన వైద్య మార్గదర్శకాలు 90 నుంచి 93 మధ్య ఉంటే మధ్యస్థం అన్నాయి, 90 కన్నా తగ్గితే తీవ్రం. 94 కన్నా దిగిందంటే ఇంట్లో కూర్చునే జబ్బు కాదని గుర్తు. వేలికి పెట్టే ఆ పరికరం గోళ్లకి రంగున్నా, చేతులు చల్లబడి ఉన్నా తప్పు చూపిస్తుంది. చెయ్యి రుద్దుకుని, కదలకుండా కూర్చుని, అంకె నిలిచాక చూడాలి.

ఆడవాళ్ల జబ్బులు మగవాళ్లున్న గ్రూపులో రావు. రమ్మని అడగడం కూడా తప్పే. వాళ్లకి వేరే గ్రూపు ఉండాలి, దాంట్లో ఒక నర్సో, ఏఎన్ఎంగా చేసి రిటైరైన మనిషో ఉంటే అదృష్టం. గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ల శాతంలో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరసలో ఉందని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చూపించాయి. ముప్ఫైలోనే, ఒక్కోసారి అండాశయాలతో సహా, ఆపరేషన్ అయిపోయినవాళ్లకి ఎముకలు ముందే పలచబడతాయి. అరవైల్లో నడుం, మోకాళ్లు, మణికట్టు విరగడం అన్నీ ఒక్కసారి మీద పడతాయి. ‘నాకొక్కదానికే అనుకున్నానే’ అని వాళ్లు ఒకరికొకరు చెప్పుకుని ఎముకల పరీక్ష చేయించుకోవడం మొదలైంది ఆ వేరే గ్రూపు వల్లే. అంతకుముందు ముప్ఫయ్యేళ్లు మూవ్ రాసుకుంటూ గడిపారు.

వినడం కూడా ఒక పనే

జబ్బు చెప్పగానే మనలో మూడు రకాల వాళ్లు లేస్తారు. ఒకడు ‘మా బావమరిదికీ ఇదే వచ్చింది, వారంలో పోయాడు’ అంటాడు. రెండోవాడు ‘ఏం కాదు, ధైర్యమే మందు’ అని ఫోను పెట్టేస్తాడు. మూడోవాడు సొరకాయ రసం తాగమంటాడు. ముగ్గురూ మంచివాళ్లే. ముగ్గురిలో ఒక్కడూ రోగి చెప్పింది వినలేదు.

అడగాల్సినవి కొన్నే. ఎప్పట్నుంచి? డాక్టరు ఏమన్నారు, కాగితం మీద ఏం రాశారు? రాత్రి నిద్ర పట్టిందా? ఈ చివరిది చిన్నదిగా కనపడుతుంది కానీ అసలు భయాలన్నీ దానికి జవాబుగా వస్తాయి. ‘నా వల్ల ఏమైనా కావాలా’ అని మాత్రం అడక్కండి. ‘ఏం వద్దులేరా’ అనే వస్తుంది, మన మర్యాద అలాంటిది. దానికి బదులు పని పేరు చెప్పండి. ‘గురువారం విజయవాడ పోతున్నా, నీ రిపోర్టులు పట్టుకెళ్లి చూపిస్తా.’ ‘మీ ఆవిడకి రెండు పూటలా కూర మా ఇంటినుంచి వస్తుంది, గేటు దగ్గర పెడతాం.’ కాదనడానికి వీల్లేని మాటలు ఇవి.

2020 ఏప్రిల్లో మా వైపు బీపీ, థైరాయిడ్ మాత్రలు కొన్ని దొరకలేదు. రోజూ వేసుకునేవి అయిపోతే సగం సగం విరిచి సరిపెట్టుకున్నవాళ్లున్నారు. ఆ సంగతి ఒకాయన గ్రూపులో బయటపెట్టాక, ఇంకొకాయనకి దారి తట్టింది. వ్యవసాయ సరుకు బండ్లకి అనుమతి ఉంది కదా, కాయలు తీసుకుని విజయవాడ నున్న మార్కెట్‌కి పోయే బండి ఖాళీగా తిరిగొస్తుంది. చీటీల ఫొటోలు ముందురోజు రాత్రి విజయవాడలో ఉండే మిత్రుడికి వెళ్లాయి. అతను మందులు కొని, ఒక్కొక్కరివి విడివిడిగా కవరులో పెట్టి పేరు రాసి, డ్రైవరు చేతికిచ్చేవాడు. బంగినపల్లి దిగిన గడ్డిలో మెట్‌ఫార్మిన్, టెల్మిసార్టన్ కవర్లు తిరిగొచ్చాయి. కవరు మీద ధర కూడా రాసేవాడు. డబ్బు మాట ముందే తేల్చడం మంచిది. స్నేహితుడి దగ్గర మందుల బాకీ మిగిలితే రెండోసారి అడగడానికి మొహం చెల్లదు.

ఇన్సులిన్ విషయం కూడా ఆ రోజుల్లో చాలామందికి తెలిసింది. మే నెల ఎండకి కరెంటు పోతే ఫ్రిజ్ ఉండీ లేనట్టే. మట్టికుండ తడిగుడ్డ చుట్టి నీడన పెట్టి, లోపల నీళ్లు తగలకుండా చిన్న గిన్నెలో సీసా ఉంచితే బయటికన్నా చల్లగా ఉంటుంది. ఫ్రీజర్లో, ఐసు మీద పెట్టకూడదు, గడ్డకట్టిన ఇన్సులిన్ పారెయ్యాల్సిందే.

రెండు బాణాల గుర్తు

పుకారు గురించి పెద్దగా ఉపన్యాసం అక్కర్లేదు. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన సందేశం మీద వాట్సాప్ రెండు బాణాల గుర్తు వేస్తుంది. 2020 ఏప్రిల్‌ నుంచి అలాంటిది ఒకసారికి ఒక్క చాట్‌కే పంపనిస్తోంది. జబ్బు గురించి రెండు బాణాలున్నది గ్రూపులోకి రాకూడదన్న ఒక్క నియమం చాలు. పెట్టినవాణ్ణి గ్రూపులో కడిగెయ్యకండి, అడ్మిన్ విడిగా ఫోను చేసి తీసెయ్యమంటే తీసేస్తాడు. నలుగురిలో పరువుపోయినవాడు రేపు తన జబ్బు చెప్పడు.

కష్టం ఫార్వర్డులతో కాదు, నమ్మకాలతో. 2021 మేలో కృష్ణపట్నంలో ఆనందయ్య కరోనాకని ఇచ్చిన మందు కోసం జనం బారులు తీరినప్పుడు ప్రతి గ్రూపూ రెండుగా చీలింది. మే 31న ప్రభుత్వం కంట్లో వేసే చుక్కలు తప్ప మిగతా వాటికి అనుమతిచ్చాక కూడా వాదన ఆగలేదు. మనకి తెలిసిన మనిషి, ఊపిరాడక, ఆ మందు తెప్పించమని అడిగితే ఏం చెయ్యాలి? ‘మూఢనమ్మకం’ అంటే సంభాషణ అక్కడితో సరి. ఒక తెలివైన మిత్రురాలు అన్న మాట నాకు నచ్చింది: ‘తెప్పిస్తా అన్నయ్యా. అది వచ్చేదాకా ఈ ఆస్పత్రిలో ఆక్సిజన్ పెట్టించుకో, మాత్రలు మానకు.’ ఆయన ఆస్పత్రికి వెళ్లాడు. ఆ మందు వచ్చిందా రాలేదా అన్నది తర్వాత ఎవరూ అడగలేదు.

అప్పట్లోనే ఊపిరితిత్తుల సీటీ స్కోరు పిచ్చి పట్టుకుంది. ‘నీ స్కోరెంత? ఇరవై అయిదుకి ఎనిమిదా? పర్లేదు’ అని క్రికెట్టు లాగా చెప్పుకున్నారు. స్వల్ప లక్షణాలున్నవాళ్లు సీటీ స్కాన్ తీయించుకోవాల్సిన పనిలేదని మే మొదట్లో ఎయిమ్స్ డైరెక్టరు రణ్‌దీప్ గులేరియా గట్టిగా చెప్పాల్సొచ్చింది. స్నేహితుల మధ్య స్కోర్లు పోల్చుకోవడం వల్ల జరిగే చెడు ఒకటుంది. తక్కువ వచ్చినవాడు ధీమాగా ఉండిపోతాడు, ఎక్కువ వచ్చినవాడు భయంతో కుంగిపోతాడు. పోల్చుకుంటే నిన్నటి అంకెతో ఇవాళ్టి తన అంకె పోల్చుకోవాలి.

బెడ్ల సమాచారం మాత్రం గ్రూపులకి ఎదురైన అసలు పరీక్ష. ‘ఏలూరులో ఆక్సిజన్ బెడ్లు ఖాళీ’ అన్న సందేశం మూడు రోజులు తిరుగుతూనే ఉంటుంది, బెడ్డు మూడు నిమిషాల్లో నిండిపోతుంది. పనిచేసిన పద్ధతి ఇది: సందేశంలో వేళ వెయ్యాలి, ఫోను చేసి కనుక్కున్నది ఎవరో రాయాలి, నిండగానే పెట్టినవాళ్లే చెరిపెయ్యాలి. ‘10.20కి నేనే మాట్లాడాను, రెండున్నాయి, కేస్‌షీటు తేవాలట’ అంటే నమ్మొచ్చు. పేరూ వేళా లేనిదాన్ని చదవకుండానే దాటెయ్యండి. ఈ పద్ధతి ఇప్పుడు రక్తం కావాలన్న సందేశాలకీ పనికొస్తుంది.

రసాల సీజనూ షుగరూ

నూజివీడు వాడికి మే నెలలో మామిడిపండు మానమని చెప్పే డాక్టరు ఇంకా పుట్టలేదు. పుట్టినా మా వాళ్లు వినరు. గ్రూపులో ఏటా నడిచే గొడవ ఇది: చిన్నరసం మంచిదా, పెద్దరసమా, బంగినపల్లి తినొచ్చా, కలెక్టరు అయితే షుగరు తక్కువా. రకం మీద వాదన వల్ల ఒరిగేదేమీ లేదు, ఎంత తిన్నామన్నదే లెక్క. వంద గ్రాముల గుజ్జులో దాదాపు 15 గ్రాముల పిండిపదార్థం ఉంటుంది, అదీ ఎక్కువగా చక్కెర రూపంలోనే. మూడొందల గ్రాముల గుజ్జు అంటే ఒక కప్పు అన్నం తిన్నట్టు. బంగినపల్లిని కోసి తింటాం కాబట్టి ఎన్ని ముక్కలో తెలుస్తుంది. రసం పిండుకుని తాగేది, చేతిలో పండు ఖాళీ అయ్యేలోపల రెండోది మెత్తబరచడం మొదలెడతాం. పెరుగన్నంలో నంజుకుంటే అన్నం కూడా రెట్టింపవుతుంది.

మా వాళ్లలో పనిచేసిన ఏర్పాటు చెబుతాను. పండు తినే పూట అన్నం ఆ మేరకి తగ్గించడం, తిన్న రెండు గంటలకి గ్లూకోమీటర్‌తో చూసి ఆ అంకె జతకి పంపడం. తిట్టడాల్లేవు, అంకె ఒక్కటే. వారం తిరిగేసరికి ఎవరికి ఎన్ని ముక్కలు పడతాయో వాళ్లకే తెలిసింది. ఒకడికి సగం బంగినపల్లి చాలు, ఇంకొకడికి అదీ ఎక్కువే. డాక్టరు చెబితే ఎదురుతిరిగిన మనిషి, తన అంకె చూసుకుని చిన్నరసం మీద ఆశ వదులుకున్నాడు. కొవిడ్‌కి స్టెరాయిడ్లు వాడినవాళ్ల సంగతి వేరు. ఆ మందు చక్కెరని అమాంతం పెంచుతుంది. 2021లో బ్లాక్‌ఫంగస్ ఎక్కువగా పట్టుకున్నది అదుపులేని షుగరు ఉండి స్టెరాయిడ్లు వాడినవాళ్లనే. ఆ వారాల్లో పండు జోలికి పోకుండా ఉండడమే మేలు. ఊరుకోలేకపోతే పచ్చికాయ పప్పు ఉంది.

పోయినవాళ్ల విషయంలో

ఏ గ్రూపూ నిండుగా మిగల్లేదు. మే 2021లో కొన్ని ఇళ్లల్లో కొడుక్కి తెలియకముందే గ్రూపులో ఓం శాంతి బొమ్మలు వచ్చేశాయి. ఆ కొడుకు బస్సులో ఉండి ఫోను తెరిస్తే ఏమవుతుందో ఎవరూ ఆలోచించలేదు. కుటుంబం నుంచి మాట వచ్చేదాకా ఎవరూ పెట్టకూడదు, పెట్టేది జత మాత్రమే.

దహనానికి ఇరవై మందే అన్న రోజుల్లో పరామర్శ కూడా ఫోన్లోనే. మొదటి రెండు రోజులు ఆ ఇంటి ఫోను మోగుతూనే ఉంటుంది, అప్పుడు మీ ఫోను ఇంకో భారం. పెద్దకర్మ అయ్యాక, బంధువులు వెళ్లాక, నెలకి చెయ్యండి. పోయిన మనిషి గురించి ఇంట్లోవాళ్లకి తెలియని బడినాటి సంగతి ఒకటి చెప్పండి. నాన్న గోడదూకి సినిమాకి పోయేవాడని తెలిసి ఒక కూతురు ఫోన్లోనే పగలబడి నవ్విందిట. బీమా, పింఛను, బ్యాంకు కాగితాల పనిలో అనుభవమున్న మిత్రుడు ఒకరుంటే ఆ ఇంటికి పంపండి. బొమ్మలకన్నా అది మేలు.

కరోనా పోయాక

జబ్బు తగ్గాక గ్రూపులు మళ్లీ పువ్వుల బొమ్మల్లోకి జారిపోయాయి. పోనివ్వండి, హాజరు మాత్రం ఆపకండి. ఇప్పుడు మనకి అరవై అయిదు దాటింది, పడిపోవడాలు, మతిమరుపు, కంటి ఆపరేషన్లు వరసగా ఉన్నాయి. జత పోయినవాళ్లకి కొత్త జత కట్టండి. పెద్దవాళ్ల కోసం కేంద్రం 2021 అక్టోబరులో దేశమంతటికీ తెచ్చిన 14567 ఎల్డర్‌లైన్ నంబరు అందరి ఫోన్లలో ఉండాలి. ఆ సేవ మొదట హైదరాబాదులోనే పుట్టింది. పింఛను ఆగినా, ఇంట్లో కొడుకు కొడుతున్నా, స్నేహితుడికి చెప్పుకోలేనిది అక్కడ చెప్పుకోవచ్చు.

ఏటికోసారి కలవండి. ఆత్మీయ సమ్మేళనమని ఫంక్షన్ హాలు, ఫ్లెక్సీలు, శాలువాలు, ముఖ్య అతిథి అక్కర్లేదు. ఎవరిదో తోట చాలు, మే రెండోవారం బాగుంటుంది. దూరం నుంచి వచ్చేవాళ్లకి ముందే చెప్పండి, నూజివీడు అని రైల్వే స్టేషన్ ఉంది కానీ అది నూజివీడులో లేదు, హనుమాన్ జంక్షన్ దగ్గర ఉంది; అక్కణ్ణుంచి బండి పంపాలి. ఎనిమిదింటికి మొదలెట్టి ఎండ ముదరకముందే, పదకొండుకి ముగించండి. నులక మంచాలు బాగుంటాయి గానీ మోకాళ్లు అరిగినవాళ్లు వాటిమీంచి లేవలేరు, చేతులున్న ప్లాస్టిక్ కుర్చీలు తెప్పించండి. తోటలో మరుగుదొడ్డి లేకపోతే ఆ తోట వద్దు. లేదని తెలిస్తే ఆడవాళ్లు పొద్దున్నించి నీళ్లు తాగరు, ప్రోస్టేట్ ఉన్న మగవాళ్లు అసలు రారు. టిఫిను తొమ్మిది లోపల పెట్టాలి, మాత్ర వేసుకున్నవాళ్లు ఆగలేరు. పళ్లు టిఫినుతో కలిపి కాకుండా పదిన్నరకి కోయించండి, గ్లూకోమీటరు ఒకటి, కొత్త సూదులు తలా ఒకటి బల్ల మీద ఉంచండి. ఖర్చు తలా ఇంత అని ముందే వసూలు చేసి, ఇవ్వలేనివాళ్ల సంగతి అడ్మిన్‌కొక్కడికే తెలిసేలా చూడండి.